మార్టిన్ గేర్ భార్యకు నిజం తెలియదా? ఊరంతా అంత గుడ్డిగా నమ్మిందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. 1982లో వచ్చిన ఫ్రెంచ్ సినిమా 'ది రిటర్న్ ఆఫ్ మార్టిన్ గేర్' చూశారు. ఇల్లొదిలి వెళ్ళిపోయిన ఓ పల్లెటూరి రైతు ఏళ్ళ తర్వాత తిరిగొస్తాడు. ఊరివాళ్ళూ, తోబుట్టువులూ, కట్టుకున్న భార్యా అతన్ని ఇంట్లోకి రానిస్తారు. కొన్నేళ్ళు కాపురం సాగాక, అతను అసలు మార్టిన్ కాదని కోర్టులో తేలుతుంది. ఇది నిజంగా జరిగిందా, జరిగితే ఇంతమంది ఎలా మోసపోయారు, భార్య కూడా గుర్తుపట్టలేదంటే నమ్మేదెలా, సినిమావాళ్ళు ఎంత కల్పించారు అని అడిగారు.

నేను ఇరవై ఏళ్ళకు పైగా యూరప్ చరిత్ర పాఠం చెప్పాను. ప్రతి బ్యాచ్‌కీ ఈ సినిమా వేసేవాణ్ణి, వేసిన ప్రతిసారీ మీరు అడిగిన ప్రశ్నే వచ్చేది. ముందుగా నా మాట చెప్పేస్తాను: ఇది జరిగింది. భార్యకు తెలుసు. ఊళ్ళో కూడా చాలామందికి అనుమానం ఉండే ఉంటుంది, కాకపోతే ఆ అనుమానం బయటపెట్టే అవసరం మూడేళ్ళ దాకా ఎవరికీ రాలేదు. సినిమా చూడనివాళ్ళు ఇక్కడే ఆగి, చూసి రండి. కథంతా చెప్పేయబోతున్నాను.

ఊరి పేరు ఆర్తిగా. ఫ్రాన్స్‌కు దక్షిణాన, పిరనీస్ కొండల కింద, లేజ్ అనే చిన్న నది ఒడ్డున ఉంటుంది. గేర్ వాళ్ళు అక్కడివాళ్ళు కారు. ఫ్రాన్స్, స్పెయిన్ సరిహద్దులో సొంత భాష ఉన్న బాస్క్ ప్రాంతంలో, సముద్రం పక్కనున్న ఆందాయ్ నుంచి 1527లో వలస వచ్చారు. అన్నదమ్ములిద్దరు, సాంక్సీ, పియెర్. సాంక్సీ కొడుకే మార్టిన్, అప్పటికి రెండు మూడేళ్ళవాడు. కష్టపడి పొలాలు సంపాదించి, 1538లో మార్టిన్‌కు ఊళ్ళో కలిగిన ఇంటి పిల్ల బెర్త్రాండ్ ద రోల్స్‌ను చేసుకున్నారు. పెళ్ళికొడుక్కి పద్నాలుగేళ్ళు, పెళ్ళికూతురు అంతకంటే చిన్నపిల్ల. తర్వాత ఎనిమిదేళ్ళపాటు వాళ్ళిద్దరి మధ్యా కాపురమే లేదు. ఎవరో చేతబడి చేశారన్నారు. అమ్మలక్కలు నవ్వుకున్నారు. పుట్టింటివాళ్ళు విడాకులు ఇప్పిస్తామన్నా బెర్త్రాండ్ ఒప్పుకోలేదు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది. చివరికి పూజలూ, ప్రార్థనలూ చేయించాక గండం గడిచింది, కొడుకు పుట్టాడు. తాత పేరే పెట్టుకున్నారు.

1548లో మార్టిన్ తండ్రి గాదెలోంచి కొంచెం ధాన్యం దొంగిలించాడు. బాస్క్ ఇళ్ళల్లో అది చిన్న తప్పు కాదు. ఆ అవమానంతో అతను పెళ్ళాన్నీ, పసిబిడ్డనీ, ఆస్తినీ వదిలేసి ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఎనిమిదేళ్ళు జాబు లేదు, కబురు లేదు. 1556 వేసవిలో ఓ మనిషి పక్క ఊరి సత్రంలో దిగి, నేనే మార్టిన్‌ని అన్నాడు. భార్య పేరూ, బిడ్డ పేరూ వినగానే కన్నీళ్ళు పెట్టుకున్నాడట.

నిజానికి అతను ఆర్నో దు తీల్. దగ్గర్లోని వేరే ప్రాంతం మనిషి. ఊళ్ళో ముద్దుపేరు పాన్సెట్, అంటే బొజ్జ అని. తాగుడూ, మాటకారితనమూ, అమోఘమైన జ్ఞాపకశక్తీ, మూడూ ఉన్నవాడు. సైన్యం నుంచి తిరిగొస్తుంటే ఇద్దరు మనుషులు అతన్ని చూసి మార్టిన్ అనుకుని పలకరించారనీ, అక్కడే ఈ ఆలోచన పుట్టిందనీ తర్వాత ఒప్పుకున్నాడు. ఆ మీదట గేర్ ఇంటి సంగతులు ఒక్కొక్కటిగా కూపీ లాగి, కంఠతా పట్టి వచ్చాడు.

ఇక ఊరు ఎలా నమ్మింది అన్న సంగతి.

మనకు మొహం గుర్తుండటానికి ఫొటోలున్నాయి. 1556లో ఆర్తిగా రైతు ఇంట్లో బొమ్మ ఉండదు. చర్చిలో బాప్తిస్మ రిజిస్టర్లు రాయాలని రాజు ఉత్తర్వు ఇచ్చిందే 1539లో, విల్లెర్-కొత్రే శాసనంతో. మార్టిన్ పుట్టుక అంతకు ముందే. కాబట్టి ఇతను ఫలానా అని చూపడానికి కాగితం ముక్క లేదు. ఉన్నదల్లా ఎనిమిదేళ్ళ కిందటి మనిషి ఎలా ఉండేవాడన్న తలపులే. పైగా వెళ్ళినప్పుడు ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు, వచ్చినప్పుడు ముప్ఫై దాటినవాడు. అసలు మార్టిన్ పొడుగ్గా, సన్నగా, చామనఛాయగా ఉండేవాడు. వచ్చినవాడు పొట్టి, కాస్త బలిష్ఠం. ఎనిమిదేళ్ళు సైన్యంలో తిరిగినవాడు ఒళ్ళు చేసి వచ్చాడనుకుంటే సరిపోయింది.

కానీ అతన్ని గట్టెక్కించింది మొహం కంటే మాటలే. ఎదురొచ్చిన ప్రతివాళ్ళనీ పేరు పెట్టి పిలిచాడు, పదేళ్ళ కిందట ఫలానా చోట మనం ఫలానా పని చేశాం గుర్తుందా అన్నాడు. ముందు అతన్ని చూడటానికి వెళ్ళింది మార్టిన్ నలుగురు అక్కచెల్లెళ్ళు. వాళ్ళు అన్నయ్యా, తమ్ముడూ అని కౌగిలించుకున్నాక బెర్త్రాండ్‌ను తీసుకెళ్ళారు. ఆమె మొదట వెనక్కి తగ్గింది. అప్పుడతను, నేను వెళ్ళేటప్పుడు తెల్ల బట్టతో అస్తరు వేసిన తెల్ల లాగు పెట్టెలో పెట్టాను, వెళ్ళి చూడు అన్నాడు. ఆ మాటతో ఆమె మెత్తబడింది. ఆలోచించండి, ఎనిమిదేళ్ళుగా మొగుడు బతికున్నాడో లేడో తెలియని ఆడమనిషికి పెట్టె అడుగున ఉన్న లాగు గురించి చెప్తే గుండె ఆగిపోదా?

ఇంకోటి. ఇతను రావడం వల్ల నష్టపోయినవాళ్ళు ఆ రోజున ఎవరూ లేరు. ఆడపడుచులకు పుట్టింటి పెద్దదిక్కు దొరికింది. కొడుక్కి తండ్రి దొరికాడు. బెర్త్రాండ్‌కు మళ్ళీ ఇంటి యజమానురాలి హోదా వచ్చింది. ఊరికి పనిచేసే రైతు దొరికాడు, బాగా పనిచేసేవాడు, ధాన్యం, వైన్, ఉన్ని బేరాలు చేసి ఆస్తి పెంచేవాడు. ఇతను మార్టిన్ కాదని నోరు తెరిచి చెప్పేవాడు ఇంతమందినీ శత్రువుల్ని చేసుకోవాలి. ఎందుకు చేసుకుంటాడు?

చేసుకునేవాడు ఒక్కడే, బాబాయి పియెర్. అతను కూడా మొదట్లో నమ్మాడు, నమ్మి నెత్తిన పెట్టుకున్నాడు. గొడవ మొదలైంది లెక్కల దగ్గర. మార్టిన్ లేని కాలంలో అన్న సాంక్సీ చనిపోతే ఆస్తి అజమాయిషీ అంతా పియెర్ చేతికొచ్చింది. అంతేకాదు, విధవరాలైన బెర్త్రాండ్ తల్లిని అతనే పెళ్ళి చేసుకున్నాడు. అంటే బెర్త్రాండ్‌కు అటు మామగారి తమ్ముడు, ఇటు మారుతండ్రి. కొత్తగా వచ్చిన మార్టిన్, ఆ ఎనిమిదేళ్ళ రాబడి లెక్క చెప్పమన్నాడు. ఆందాయ్‌లోని పిత్రార్జితం అమ్ముతానన్నాడు. బాస్క్ వాళ్ళకు తాతల నేల అమ్మడమంటే ప్రాణం తీసినట్టే. పియెర్ లెక్క చెప్పలేదు, ఇతను కోర్టుకెక్కాడు. ఆ రోజు నుంచి పియెర్‌కు ఇతను మార్టిన్‌లా కనిపించడం మానేశాడు.

క్లాసులో ఇక్కడ సినిమా ఆపేసేవాణ్ణి. లెక్కలు అడక్కపోతే పియెర్ ఇతన్ని చచ్చేదాకా మార్టిన్ అనే పిలిచేవాడా అని అడిగేవాణ్ణి. ఏ ఏడాదీ పిల్లలు ఒక్క మాట మీద నిలబడలేదు. నా వరకు, పిలిచేవాడనే అనుకుంటాను. అలాగని పియెర్ అబద్ధమాడాడనటం లేదు. దాపరికంగా మనసులో ఉన్న అనుమానానికి ఆస్తి తగాదా నోరిచ్చింది. బాస్క్ మాటలు ఇతనికి రావడం లేదన్న సంగతి మొదటి రోజు నుంచీ అతని చెవులకు తెలుసు. అప్పుడు పట్టించుకోలేదు, ఇప్పుడు పట్టించుకున్నాడు. సరిగ్గా ఆ సమయానికే ఊరి మీదుగా వెళ్తున్న ఓ సైనికుడు, ఫ్రాన్స్, స్పెయిన్‌ల మధ్య జరిగిన సెయింట్ క్వెంటిన్ యుద్ధంలో అసలు మార్టిన్ కాలు పోగొట్టుకున్నాడని చెప్పాడు. అంతటితో ఊరు రెండుగా చీలింది.

ఇక కోర్టు. నాకు ఈ కథ మొత్తంలో ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే, అందుకని కొంచెం నిదానంగా చెప్తాను.

1560 జనవరిలో పియెర్, అల్లుళ్ళతో కలిసి కత్తులతో వచ్చి అతన్ని పట్టుకున్నాడు. ఫిర్యాదు బెర్త్రాండ్ పేరు మీద వేశాడు, ఆమెను అడక్కుండానే. ముందు రియూ పట్నంలో విచారణ జరిగింది. 150 మంది దాకా సాక్షులు. అందులో నలభై మందికి పైగా ఇతను మార్టిన్ కాదన్నారు. ముప్ఫై నలభై మంది ముమ్మాటికీ మార్టినే అన్నారు. దాదాపు అరవై మంది చెప్పలేం అన్నారు. అందరికీ ఆ మనిషి రోజూ కళ్ళముందు తిరిగినవాడే, అయినా చెప్పలేం అన్నారు. ఊరు మోసపోయింది అనుకునేవాళ్ళు ఈ అరవై మంది గురించి ఆలోచించాలి. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, నిజం చెప్పే ధైర్యమూ చేయలేదు. రేపు కేసు ఎటు తిరిగినా పియెర్‌తోనో, ఈ మార్టిన్‌తోనో ఒకే ఊళ్ళో బతకాల్సింది వాళ్ళే కదా.

గుర్తులు చూశారు. మొహం మీద మచ్చ, కుడిచేతి మీద మూడు పులిపిరులు, లోపలికి పోయిన వేలిగోరు, ఒకదాని మీద ఒకటి ఎక్కిన పళ్ళు. ఇవన్నీ అసలు మార్టిన్‌కు ఉన్నవేనని కొందరన్నారు, ఇతనికీ ఉన్నాయి. జోళ్ళు కుట్టే మనిషి వచ్చి, మార్టిన్ కాలికి పన్నెండో కొలత జోడు కుట్టేవాణ్ణి, ఇతని కాలు తొమ్మిదే అన్నాడు. నాకు తెలిసి ఈ కేసులో దేనితోనూ పక్షపాతం లేని సాక్ష్యం ఇదొక్కటే. ఒళ్ళు చేసిందంటే సరే, కాలి కొలత తగ్గడమేమిటి? కానీ అదొక్కదానితో ఉరి వేస్తారా? ఆర్నో మేనమామ కోర్టులో సంకెళ్ళతో ఉన్న ఇతన్ని చూసి, మా పిల్లాడే అంటూ ఏడ్చేశాడు. ఇటు నలుగురు అక్కచెల్లెళ్ళూ మా మార్టినే అని మాట మార్చకుండా నిలబడ్డారు.

రియూ జడ్జి దోషి అన్నాడు. ఇతను తులూజ్‌లోని పెద్ద న్యాయస్థానానికి అప్పీలు చేశాడు. అక్కడ కేసు చూసిన జడ్జి జాన్ ద కొరాస్, ఆ కాలానికి పేరుమోసిన న్యాయశాస్త్ర పండితుడు. ఈ కేసు గురించి మనకు ఇంత తెలిసిందంటే అతను 1561లో అచ్చు వేసిన పుస్తకం వల్లే. జడ్జీలు నిందితుణ్ణీ, బెర్త్రాండ్‌నూ విడివిడిగా కూర్చోబెట్టి అడిగారు. పెళ్ళి రోజు ఏం కట్టుకున్నారు, ఎవరొచ్చారు, మొదటిసారి కాపురం ఎలా జరిగింది, అంతవరకూ ఎందుకు జరగలేదు. ఇద్దరి జవాబులూ పూసగుచ్చినట్టు సరిపోయాయి.

ఇక్కడే నా అభిప్రాయానికి మొదటి ఆధారం ఉంది. ఆర్నో ఊరి సంగతులు ఊరివాళ్ళ దగ్గర సంపాదించగలడు. పెట్టెలో లాగు సంగతి ఎక్కడో అసలు మార్టిన్ నోటి నుంచో, ఇంట్లో పనిచేసినవాళ్ళ నుంచో విని ఉంటాడు. కానీ ఎనిమిదేళ్ళు కాపురం లేని ఇద్దరు పిల్లలు పడకగదిలో ఏం మాట్లాడుకున్నారో, ఆ గండం తీరిన రాత్రి ఎలా ఉందో చెప్పగలిగేది లోకంలో ఇద్దరే ఇద్దరు. అందులో ఒకడు, అసలు మార్టిన్, స్పెయిన్‌లో ఉన్నాడు. రెండో మనిషి చెప్పకుండా ఇతనికి ఎలా తెలుస్తుంది?

రెండోది, ఆమె ప్రవర్తన. మరో కేసులో అనుమానం మీద జైల్లో పెట్టి వదిలాక ఇతను ఇంటికి వచ్చిన రాత్రి, ఆమె అతని కాళ్ళు కడిగి లోపలికి తీసుకెళ్ళింది. తెల్లారే పియెర్ వచ్చి పట్టుకుపోయాడు. అంతకు ముందే ఓసారి పియెర్, అల్లుళ్ళూ ఇతన్ని కర్రలతో కొడుతుంటే, అడ్డంగా మీదపడి తన ఒళ్ళు కాచి కాపాడింది. సినిమాలో ఆ సన్నివేశం మీకు గుర్తుండే ఉంటుంది, అది కల్పితం కాదు, కొరాస్ రాసినదే. ఫిర్యాదు తన పేరు మీద ఉంది కాబట్టి విచారణలో వాదిగా ఆమె నిలబడాలి, నిలబడింది. అప్పుడు నిందితుడు ఆమె వైపు తిరిగి, నేను నీ మొగుణ్ణి కాదని ప్రమాణం చెయ్యి, చేస్తే ఏ చావైనా చస్తాను అన్నాడు. ఆమె మాట్లాడలేదు. ప్రమాణం చేసి ఉంటే కేసు అక్కడితో తెగిపోయేది. అతనే నా మొగుడు అని చెప్పినా తెగిపోయేది. రెండూ చేయలేదు.

చాలామంది ఆ మౌనాన్ని భయం అనుకుంటారు. నేను అది తెలివి అనుకుంటాను. ఆ కాలపు చర్చి చట్టం ప్రకారం మొగుడు చనిపోయాడని ఖాయంగా రుజువు లేకుండా ఆడది మళ్ళీ పెళ్ళి చేసుకోవడానికి వీల్లేదు, ఎన్నేళ్ళు గడిచినా సరే. ఇరవై రెండేళ్ళ వయసులో ఆమె విధవ కాదు, భార్య కాదు, పెళ్ళి కావలసిన పిల్లా కాదు. ఇంట్లో మారుతండ్రి ఇష్టం మీద బతకాలి. అలాంటి చోటికి నవ్వుతూ పలకరించే, పొలం పనులు చక్కబెట్టే, తనను మనిషిగా చూసే వాడొకడు మొగుడి పేరుతో వచ్చాడు. ఒప్పుకుంటే పరువుగా కాపురం, ఇద్దరు ఆడపిల్లలు, వాళ్ళలో ఒకతె బతికింది. కేసు వచ్చాక మాత్రం ఆమె రెండు దారులూ తెరిచి పెట్టుకోవాలి. ఇతను గెలిస్తే, నేను మనస్ఫూర్తిగా వాదించలేదు కదా అనాలి. ఇతను ఓడితే, నేనూ మోసపోయాను, అందుకే ఫిర్యాదు చేశాను కదా అనాలి. తెలిసే కాపురం చేసిందని తేలితే అది వ్యభిచారం, పుట్టిన పిల్ల అక్రమ సంతానం. తెలియక చేసిందంటేనే పిల్లకు పేరుంటుంది. కోర్టు చివరికి అలాగే అంది కూడా, ఆమె మంచి మనసుతో నమ్మింది కాబట్టి కూతురు బెర్నార్డ్ సక్రమ సంతానమేనని, ఆర్నో ఆస్తి ఆ పిల్లకు చెందాలని తీర్పిచ్చింది.

చిన్నప్పుడు పుట్టింటివాళ్ళు విడిపించబోతే వద్దన్న పిల్ల అని ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా. తన సంగతి తానే తేల్చుకునే మనిషి ఆమె. అలాంటి మనిషి మూడేళ్ళు పక్కలో పడుకున్నవాణ్ణి పోల్చుకోలేకపోయిందంటే నేను ఒప్పుకోను.

అవతలి వాదం కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఈ సినిమాకు చరిత్ర సలహాదారుగా పనిచేసిన నటాలీ జెమన్ డేవిస్ ఈ విషయం మీద ఓ పుస్తకం రాశారు. బెర్త్రాండ్‌కు తెలుసు అన్నది మొదట గట్టిగా చెప్పింది ఆమే. 1988లో రాబర్ట్ ఫిన్లే అనే చరిత్రకారుడు ఓ చరిత్ర పత్రికలో దాన్ని తప్పు పట్టాడు. అప్పటి రాతల్లో బెర్త్రాండ్ మోసపోయిన ఇల్లాలు అనే ఉంది, ఆమెను తెలివైన భాగస్వామిగా చేసింది నేటి మన కోరికే తప్ప పత్రాలు కాదు అన్నాడు. డేవిస్ అదే పత్రికలో జవాబిచ్చారు. ఫిన్లే మాటలో బలం ఉంది. కొరాస్ పుస్తకంతో సహా మనకున్న రెండు ప్రధానమైన కథనాలూ మగవాళ్ళు రాసినవే, రెండూ ఆమె మోసపోయిందనే అంటాయి. అయితే ఆమె మోసపోయిందని ఒప్పుకుంటే తప్ప కోర్టు ఆమెను వదలలేదు. కాబట్టి కోర్టు అలా రాసిందన్న ఒక్క కారణంతో అదే నిజమని నేను ఒప్పుకోలేను. పడకగది జవాబులకు ఫిన్లే వాదనలో నాకు సమాధానం దొరకలేదు.

తులూజ్ జడ్జీలు ఇంచుమించు ఇతన్ని విడిచిపెట్టే దాకా వచ్చారు. కొరాస్ ఆలోచన ఇదీ: అమాయకుణ్ణి శిక్షించడం కంటే దోషిని వదిలేయడం మేలు, పైగా సందేహం ఉన్నప్పుడు పెళ్ళి నిలబడాలి, పిల్లలకు తండ్రి మిగలాలి. సరిగ్గా అప్పుడు, 1560 జూలై చివర్లో, చెక్క కాలితో ఓ మనిషి వచ్చి నేను మార్టిన్ గేర్‌ని అన్నాడు.

మీకు సినిమాలో ఆ ఘట్టం గుర్తుండే ఉంటుంది. కొయ్య కాలి చప్పుడు ముందు వినిపిస్తుంది, తర్వాతే మనిషి. నిజంలో అంత నాటకీయంగా తీర్పు చెప్పే నిమిషానికి రాలేదు, విడివిడిగా ప్రశ్నలతో వారాలు గడిచాయి. అయితే నిజంలో జరిగినదే ఇంకా విచిత్రం. పాత సంగతులు అడిగితే అసలు మార్టిన్ కంటే దొంగ మార్టినే బాగా చెప్పాడు! జీవితం తనదైనవాడు మర్చిపోయాడు, అరువు తెచ్చుకున్నవాడు ఒక్క అక్షరం పొల్లు పోకుండా గుర్తుపెట్టుకున్నాడు. చివరికి అక్కచెల్లెళ్ళు వచ్చి కుంటివాణ్ణి చూడగానే ఏడుస్తూ కౌగిలించుకున్నారు. బెర్త్రాండ్ వణికిపోతూ మోకాళ్ళ మీద పడి క్షమించమంది, ఆడపడుచుల మాట నమ్మాను, నీకోసం తపించిపోయి నమ్మాను అంది. అతను కరగలేదు. బాబాయి పొరబడొచ్చు, తోబుట్టువులు పొరబడొచ్చు, భార్య పొరబడటానికి వీల్లేదు అన్న అర్థంలో మాట్లాడి మొహం తిప్పుకున్నాడు. తనే ఇల్లొదిలి పోయినవాడు, శత్రువైన స్పెయిన్ సైన్యంలో చేరి ఫ్రాన్స్ రాజు మీద యుద్ధం చేస్తూ కాలు పోగొట్టుకున్నవాడు. ఆ రెండు తప్పులకూ కోర్టు అతన్ని ఏమీ అనలేదు. కాలూ, కాపురమూ పోయాయి కదా, చాలనుకున్నారు. ఇన్నేళ్ళుగా చదువుతున్నా, ఇక్కడికి వచ్చేసరికి నాకు కోపం ఆగదు.

1560 సెప్టెంబర్ 12న తీర్పు. నాలుగు రోజుల తర్వాత ఆర్తిగాలో, మార్టిన్ ఇంటి ముందే, ఆర్నోను ఉరి తీసి, శవాన్ని కాల్చేశారు. చనిపోయే ముందు అతను అన్నీ ఒప్పుకున్నాడు. ఎవరికి ఎంత బాకీ ఉన్నాడో, తనకు ఎవరు ఎంత ఇవ్వాలో, డబ్బూ ధాన్యమూ ఉన్నీ అన్నీ లెక్కగా చెప్పి వీలునామా రాయించాడు. మార్టిన్‌తో, బెర్త్రాండ్‌ను కష్టపెట్టకు అని చెప్పాడు.

ఇక సినిమా ఎంత కల్పించింది అన్నది. చాలా తక్కువే. దర్శకుడు డానియెల్ వీన్, రచయిత జాన్ క్లోద్ కారియేర్ నిజం పక్కనే నడిచారు. వదిలేసినవాటి మీదే నాకు ఫిర్యాదు. గేర్ కుటుంబం బాస్క్ అన్న సంగతిని దాదాపు తీసేశారు, దాంతో పియెర్ కోపం వట్టి డబ్బు కక్కుర్తిలా కనిపిస్తుంది. తాతల నేల అమ్మకూడదన్న పట్టుదల కనబడదు. ఆ ప్రాంతంలో అప్పుడే పాకుతున్న ప్రొటెస్టెంట్ మతం సంగతీ సన్నగిల్లింది. అన్నిటికంటే ముఖ్యంగా బెర్త్రాండ్ ఆడిన రెండువైపుల ఆటను మెత్తబరిచారు. ఈ మూడూ డేవిస్ స్వయంగా తన పుస్తకం ముందుమాటలో చెప్పుకున్న అసంతృప్తులే, ఆ పుస్తకం రాయడానికి అవే కారణం. అయితే దొంగ మార్టిన్‌గా నటించిన దెపార్దియూ ఆ పాత్రలోకి మెల్లగా ఒదిగిపోవడం చూశాక, ఇంకొకడి బతుకులోకి మనిషి ఎలా దూరగలడో తనకు కొత్తగా అర్థమైందని కూడా ఆమె రాశారు. ఒక నటుడు చరిత్రకారిణికి పాఠం నేర్పడం అరుదు.

బట్టలూ, పొలాలూ, వంటిళ్ళూ చూస్తుంటే ఆ కాలపు చిత్రకారుడు బ్రూగెల్ గీసిన పల్లె బొమ్మలు లేచొచ్చినట్టుంటాయి. దుస్తులకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది, ఫ్రెంచ్ సినిమాలకిచ్చే సీజార్ అవార్డుల్లో రచనకూ, సంగీతానికీ, కళాదర్శకత్వానికీ బహుమతులొచ్చాయి. హాలీవుడ్ 1993లో ఇదే కథను అమెరికా అంతర్యుద్ధం తర్వాతి కాలానికి మార్చి తీసింది. అది ప్రేమకథగా మిగిలిపోయింది, దాని గురించి ఇక్కడ అనవసరం.

కొరాస్ గురించి ఒక్క మాట. అతను ప్రొటెస్టెంట్ పక్షం మనిషి. 1572లో పారిస్‌లో జరిగిన ప్రొటెస్టెంట్ల ఊచకోత తర్వాత తులూజ్‌లో చెలరేగిన అల్లరిలో, తీర్పులు చెప్పిన ఆ న్యాయస్థానం ముందే, జడ్జి ఎర్ర అంగీలోనే చెట్టుకు ఉరి వేశారు. అతని తీర్పు చదివిన మాంతేన్ అనే రచయిత, ఇంత గందరగోళమైన కేసులో ఒకణ్ణి ఉరి తీయడం సాహసమే, మాకేమీ అర్థం కాలేదు అని చెప్పి ఊరుకోవాల్సింది అన్న ధోరణిలో 1588లో రాశాడు. మాంతేన్ అంటే నాకు గౌరవమే గానీ, ఈ విషయంలో కొరాస్ పక్షమే నేను. తనే దాదాపు పొరబడబోయానని ఒప్పుకుంటూ, ఏ వాదన ఎటు మొగ్గిందో లోకానికి అచ్చు వేసి చూపించిన జడ్జి అతను.

బెర్త్రాండ్ ఏమైందని మీరు అడగలేదు గానీ అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఆమె మార్టిన్‌తోనే కాపురానికి వెళ్ళింది. వాళ్ళకు తర్వాత మరో ఇద్దరు కొడుకులు పుట్టారు.

సినిమా మళ్ళీ చూడండి. ఈసారి దెపార్దియూ మాట్లాడుతున్నప్పుడు అతన్ని వదిలేసి బెర్త్రాండ్‌గా వేసిన నతాలీ బాయ్ మొహం చూడండి. అతను ఊళ్ళోకి వచ్చిన మొదటి సన్నివేశంలో, అందరూ అతని చుట్టూ మూగి పలకరిస్తుంటే, ఆమె ఎలా చూస్తుందో గమనించండి. చూశాక మీకేమనిపించిందో రాయండి, నా అభిప్రాయంతో ఏకీభవించకపోయినా సరే.